17 గుడ్లు, 13 పిల్లలు: మా గోరింట 2024 కాన్పు

ఫలితం ముందే చెప్పేస్తాను, అది తెలిసి చదివితే నేను ఎక్కడ తప్పు చేశానో మీకే కనిపిస్తుంది. గోరింట మా ఇంట్లో పెంచే కార్న్ స్నేక్ అనే పాము. అది పెట్టిన గుడ్లు మొత్తం 17. అందులో 2 పెట్టినప్పుడే మురుగువి. మిగతా 15లో ఒకటి మూడో వారంలో పాడైంది, ఒకటి పిల్లగా పూర్తిగా తయారై కూడా గుడ్డులోనే పోయింది, 13 బయటికి వచ్చాయి. ఆ 13లో రెండింటికి తోక దగ్గర వెన్ను వంకర. ఈ మధ్యలో ఒక గాలివాన, 34 గంటలు కరెంటు లేకపోవడం, మా అమ్మ గుడ్లు తిప్పడం, నేను ఒక రాత్రి వాటిని ఉడకబెట్టినంత పని చేయడం, అన్నీ జరిగాయి.

ఇది నా మూడో విడత. 2021లో 12 గుడ్లకి 4 పిల్లలు, 2022లో 14 గుడ్లకి 13. మొదటిసారి చేసిన తప్పు రెండోసారి చేయలేదు, మూడోసారి కొత్త తప్పు చేశాను. మూడు విడతల తర్వాత నాకు అర్థమైంది ఏంటంటే, ఈ గుడ్లు కాస్త చల్లబడితే చావవు. తడి ఎక్కువైతే చస్తాయి, వేడి ఎక్కువైతే చస్తాయి, అన్నిటికన్నా ఎక్కువగా మన చేతుల వల్ల చస్తాయి.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్. పగలు ఆఫీసు పని, సాయంత్రం పాములు. కార్న్ స్నేక్ ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము, విషం లేదు, మన జెర్రిపోతుకి దూరపు చుట్టం అనుకోవచ్చు, ఎలకని చుట్టి బిగించి తింటుంది. బోర్లించి చూస్తే పొట్ట మీద గళ్ళు, రంగు గింజలున్న మొక్కజొన్న కంకిలా ఉంటుంది. పేరు అందుకే వచ్చిందని కొందరు, మొక్కజొన్న గాదెల్లో ఎలకల కోసం తిరిగేది కాబట్టి వచ్చిందని కొందరు. ఇది చదివి ఉత్సాహంతో కొనేసే ముందు మీ రాష్ట్రం చట్టం చూసుకోండి. జార్జియాలో ఇది స్థానిక పాము కాబట్టి ఇంట్లో పెట్టుకోవడం నేరం, న్యూజెర్సీలో పర్మిట్ కావాలి. ఇక ఇండియా నుంచి "పెరట్లో పాము గుడ్లు దొరికాయి, మీరు చెప్పినట్టు పొదిగించొచ్చా" అని అడిగేవాళ్ళకి ఒకటే మాట, వద్దు. మన పాములకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, పైగా అవి ఏ పాము గుడ్లో మీకు తెలియదు. ముట్టుకోకుండా అటవీ శాఖకి ఫోన్ చేయండి, హైదరాబాద్‌లో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళకి చేయండి.

తల్లి పేరు గోరింట. ఒంట్లో నలుపు రంగు తయారు కాని రకం, దాన్ని అమెల్ అంటారు. బాగా పండిన గోరింటాకు రంగు, కళ్ళు కూడా ఎరుపే, అందుకే మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. తండ్రి బూడిద, ఎరుపు తయారు కాని ఎనెరీ రకం. గోరింట లోపల ఎనెరీ జన్యువు దాగి ఉంది, బూడిద లోపల అమెల్ దాగి ఉంది. కాబట్టి పిల్లలు లెక్క ప్రకారం నాలుగు రకాలు, ఒక్కోటి నాలుగో వంతు: మామూలు రంగు, అమెల్, ఎనెరీ, రెండు రంగులూ లేని స్నో. లెక్క కాగితం మీద నాలుగో వంతే కానీ గుడ్లకి ఆ లెక్క తెలియదు, ఆ సంగతి చివర్లో చూడొచ్చు.

గోరింటకి అప్పటికి నాలుగేళ్ళు ఎప్పుడో దాటాయి, 480 గ్రాములు. మూడేళ్ళు, 300 గ్రాములు దాటని ఆడపాముని జత కట్టించొద్దని అందరూ చెప్పేదే, నేను ఇంకొంచెం ఆగుతాను. గుడ్డు కడుపులో ఇరుక్కుంటే పశువైద్యుడి బిల్లు సంగతి అలా ఉంచండి, పామే దక్కదు.

జత కట్టించే ముందు పాములకి ఇచ్చే చలికాలం నిద్ర గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నవంబరు మధ్యలో తిండి ఆపాను, కడుపు పూర్తిగా ఖాళీ కావడానికి రెండు వారాలు ఆగాను, డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా రెండింటినీ వేరువేరు డబ్బాల్లో పెట్టి పాత వైన్ ఫ్రిజ్‌లో 55 డిగ్రీల దగ్గర ఉంచాను. (ఇక్కడ రాసే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్. గుడ్లకి పెట్టే 82 అంటే సెల్సియస్‌లో దాదాపు 28.) నీళ్ళ గిన్నె మాత్రం ఎప్పుడూ ఉండాలి. లేచాక నెల రోజులు గోరింటని బాగా మేపాను, మార్చి మధ్యలో కలిపాను, నేను చూస్తుండగా మూడుసార్లు జత కట్టాయి. ఏప్రిల్ చివరికి కడుపు వెనక సగం ఉబ్బింది, చేత్తో పట్టుకుంటే జేబులో గోళీలు పోసినట్టు తగిలేది.

మే 3న కుబుసం విడిచింది. ఇది గుర్తు పెట్టుకోవాల్సిన తేదీ, ఎందుకంటే గుడ్లు పెట్టే ముందు ఒక కుబుసం తప్పకుండా విడుస్తుంది, అక్కడినుంచి వారం నుంచి రెండు వారాల్లోపు గుడ్లు. ఆ రోజే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకి పక్కన కన్నం చేసి, తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నం నాచు నింపి లోపల పెట్టాను. ఈ డబ్బా పెట్టకపోతే అది నీళ్ళ గిన్నెలో పెట్టేస్తుంది, నీళ్ళలో రాత్రంతా మునిగిన గుడ్ల మీద ఆశ పెట్టుకోవడం కష్టం.

మే 13 రాత్రి పదకొండున్నరకి చూస్తే డబ్బాలో చుట్టలు చుట్టుకుని ఒళ్ళంతా అలలు అలలుగా కదులుతోంది. మూత తీయకుండా వెళ్ళి పడుకున్నాను, అంటే పడుకున్నట్టు నటించాను. తెల్లవారి ఐదున్నరకి అయిపోయింది. గోరింట గుడ్ల కుప్ప చుట్టూ వదులుగా పడుకుని ఉంది, తోక వైపు చర్మం ఖాళీ సంచిలా ముడతలు పడింది. గుడ్లు ఒక్కోటి బొటనవేలంత ఉన్నాయి, ఇంకా తడిగా మెరుస్తున్నాయి. కోడిగుడ్డు పెంకులా గట్టిగా ఉండవు ఇవి, నానబెట్టిన తోలులా మెత్తగా ఉంటాయి. గుడ్లు పెట్టే వారం ముందు దాని బరువు 542, పొద్దున తూస్తే 368.

తల్లిని మెల్లగా తీసి పక్కన పెట్టేస్తే దానికి వాటి మీద ఇక పట్టింపు ఉండదు. కొండచిలువ అయితే గుడ్ల చుట్టూ చుట్టుకుని వణుకుతూ వేడి పుట్టిస్తుంది, రాచనాగు ఆకులు పోగు చేసి గూడు కట్టి కాపలా కాస్తుంది, కార్న్ స్నేక్ మాత్రం పెట్టేసి తన దారిన తాను పోతుంది. ఇది చెప్తే మా అమ్మ మొహం అదోలా పెట్టింది. "తల్లి కాదు తండ్రి కాదు, అన్నీ నువ్వేనన్నమాట" అంది.

గుడ్లు ఆరేకొద్దీ ఒకదానికొకటి అంటుకుపోతాయి. నేను చూసేసరికే 14 ఒక ముద్దగా అంటుకున్నాయి, 3 విడిగా ఉన్నాయి. ముద్దని విడదీయలేదు. ముద్దలోనే రెండు మురుగువి కనిపించాయి, చిన్నగా, పసుప్పచ్చగా, ముదురు పాకం గడ్డకట్టినట్టు. వాటిని కూడా అలాగే వదిలేశాను. పక్క గుడ్డు బూజు పట్టినా బతికున్న గుడ్డు మామూలుగా తట్టుకుంటుంది, పీకబోయి మంచి గుడ్డు చర్మం చించితే మాత్రం తట్టుకోదు. ప్రతి గుడ్డుకీ పైన మెత్తటి పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టాను. ఏ వైపు పైకి ఉందో ఆ వైపే చివరిదాకా పైకి ఉండాలి.

ఇప్పుడు తడి సంగతి. కొత్తవాళ్ళు ఎక్కువ గుడ్లు పోగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి కాస్త సాగదీస్తాను. 2021లో నేను డబ్బాలో తేమ మీటర్ పెట్టుకుని, అది 80 శాతమే చూపించగానే కంగారుపడి పొద్దునా సాయంత్రం స్ప్రే బాటిల్‌తో గుడ్ల మీదే నీళ్ళు కొట్టాను. మొదటి రెండు వారాలు గుడ్లు బ్రహ్మాండంగా ఉబ్బాయి, నేనేదో గొప్పగా చేస్తున్నా అనుకున్నాను. మూడో వారం నుంచి ఒక్కోటీ బూడిద రంగుకి తిరిగి, కింద నీరు చెమర్చి, వాసన మొదలైంది. ఎనిమిది పోయాయి. ఆ గుడ్డు చర్మం గుండా గాలి పోవాలి, మనం దాన్ని నీటితో పూడ్చేస్తే లోపల పిల్లకి ఊపిరి ఆడదు. అప్పటినుంచి మా ఇంట్లో స్ప్రే బాటిల్ మొక్కలకే.

ఇప్పుడు చేసేది ఇది. వర్మిక్యులైట్ (కుండీ మట్టిలో కలిపే, నీళ్ళు పట్టి ఉంచే తేలికపాటి ఖనిజం) 300 గ్రాములు తూస్తాను, నీళ్ళు 270 గ్రాములు తూస్తాను, గిన్నెతో కొలవను, తూస్తాను. చేత్తో కలిపి పిడికిట్లో నొక్కితే సున్నుండల పిండిలా ముద్ద నిలబడాలి, గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావచ్చు, అంతకు మించి కారితే నీళ్ళు ఎక్కువ. చెప్పుల డబ్బా సైజు ప్లాస్టిక్ బాక్సులో రెండంగుళాలు పోసి, గుడ్లు సగం మునిగేలా గుంట చేసి పెట్టి, మూత వేస్తాను. మూతకి గుండుసూది బెజ్జాలు రెండే. తర్వాత మొత్తం బాక్సుని తూచి ఆ బరువు మూత మీద రాస్తాను. గుడ్లు వర్మిక్యులైట్ నుంచి నీళ్ళు పీల్చుకున్నా బాక్సు మొత్తం బరువు మారదు, బాక్సు బయటికి పోయిన నీరే తగ్గుదలగా కనిపిస్తుంది. వారానికోసారి గాలి మారడానికి మూత తీసినప్పుడు తూస్తాను, తగ్గిన గ్రాములు ఎంతో అన్ని గ్రాముల గోరువెచ్చని నీళ్ళు గుడ్లకి తగలకుండా మూలల్లో పోస్తాను. ఈ విడతలో 58 రోజులకీ కలిపి పోసింది 31 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు. తేమ మీటర్ అసలు పెట్టలేదు.

ఇంక్యుబేటర్ కొన్నది కాదు. చేపలు ప్యాక్ చేసి వచ్చే మందపాటి థర్మోకోల్ పెట్టె, అడుగున హీట్ కేబుల్, దాని మీద నీళ్ళు నింపిన ఆరు సీసాలు, సీసాల మీద వైరు జాలీ, జాలీ మీద గుడ్ల బాక్సు. నీళ్ళ సీసాలు వేడిని పట్టి ఉంచుతాయి, అవి లేకపోతే కేబుల్ ఆగినప్పుడల్లా పెట్టె చల్లారిపోతుంది. వేడిని బట్టి కేబుల్‌ని నడిపి ఆపేది థర్మోస్టాట్, దాని ప్రోబ్, అంటే వేడిని కొలిచే వైరు కొస, గుడ్ల బాక్సు పక్కనే వేలాడుతుంది. దాన్ని నమ్మకుండా ఫోన్‌కి గ్రాఫ్ పంపే బ్లూటూత్ సెన్సార్ ఇంకొకటి. సెట్ చేసింది 82. ఇదంతా గెస్ట్ రూమ్ క్లోజెట్‌లో ఉంది. మా ఆవిడ పెట్టిన షరతులు రెండు: వంటింట్లోకి ఏదీ రాకూడదు, ఎలకలు మన ఫ్రీజర్‌లో ఉండకూడదు. పాముల నుంచి మనకి సోకే సాల్మొనెల్లా బ్యాక్టీరియా సంగతి తెలిసినవాడిగా ఆ రెండూ న్యాయమైనవే, గరాజ్‌లో చిన్న ఫ్రీజర్ వేరే ఉంది, క్లోజెట్ తలుపు పక్కన సబ్బు స్టాండే పెట్టాను.

ఆ గెస్ట్ రూమ్‌లో ఉన్నది మా అమ్మ. ఏప్రిల్‌లో తెనాలి నుంచి వచ్చింది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి చలిమిడి, చిమ్మిలి, కోడిగుడ్లు వేసే మనిషి, మంచం పక్క క్లోజెట్‌లో పాము గుడ్లు ఉన్నాయంటే భయపడుతుందేమో అనుకున్నాను. మొదటిరోజు దణ్ణం పెట్టుకుంది, రెండో రోజు నుంచి అజమాయిషీ మొదలుపెట్టింది. మే 23, అంటే తొమ్మిదో రోజు సాయంత్రం మూత తీస్తే విడిగా ఉన్న మూడు గుడ్ల మీద చుక్కలు లేవు.

"అమ్మా, ఇవి కదిలించావా?"

"తిప్పానురా. పొదుగు మీద కోడి రోజూ ముక్కుతో గుడ్లు తిప్పుకుంటుంది కదా, దీనికి తల్లి దగ్గర లేదాయె, పాపం అని నేనే తిప్పా. ఆ ముద్ద రాలేదు, ఈ మూడే వచ్చాయి."

నాకు ఏమనాలో తెలియలేదు. ఆమె చెప్పింది కోడి విషయంలో అక్షరాలా నిజం. కోడిగుడ్డులో పచ్చసొనని రెండు వైపులా పట్టుకునే మెలితిరిగిన తాళ్ళు ఉంటాయి, ఎటు తిప్పినా సొన సర్దుకుంటుంది. పాము గుడ్డులో ఆ తాళ్ళు లేవు. పెట్టిన ఒకటి రెండు రోజుల్లో పిండం పైభాగాన కుదురుకుంటుంది, తర్వాత బోర్లిస్తే అది సొన బరువు కింద పడుతుంది. మూడింటినీ మళ్ళీ నెమ్మదిగా చుక్క పైకి వచ్చేలా పెట్టాను. ఆ రాత్రి బాత్రూమ్‌లో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్ గుడ్డుకి ఆనించి, మా అమ్మాయిని పక్కన పెట్టుకుని చూశాను. లోపల గులాబీ రంగు వెలుగు, దాంట్లో ఎర్రటి సన్నని రక్తనాళాలు రావి ఆకు ఈనెల్లా పాకి ఉన్నాయి, ఒక మూల చిన్న నల్లటి మచ్చ కొట్టుకుంటోంది. "నాన్నా, అది గుండెనా?" అంది. గుండే. మూడింటిలోనూ నాళాలు కనిపించాయి. కానీ వాటిలో ఒకటి ఇరవయ్యో రోజుకల్లా పసుపు తిరిగి, పల్చటి పచ్చ బూజు పట్టి, టార్చ్ పెడితే నాళాలు లేకుండా మడ్డిగా కనిపించింది. తీసేశాను. మిగతా రెండూ పిల్లలయ్యాయి. తిప్పడం వల్లే పోయిందని కోర్టులో నిరూపించలేను కానీ, పెట్టె నిండా పదిహేను మంచి గుడ్లుంటే ఆ మూడింట్లోంచే ఒకటి పోవడం నాకు కాకతాళీయంగా అనిపించదు. అమ్మకి ఈ లెక్క చెప్పలేదు.

ఇక మే 28. మెమోరియల్ డే సెలవు మర్నాడు, మంగళవారం, పొద్దున ఆరింటికి డాలస్ మీదికి గాలివాన వచ్చింది. చెట్లు కూలాయి, లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, మాది కూడా. గుడ్లకి అది పద్నాలుగో రోజు. మొదటి గంట నేను పడ్డ టెన్షన్ తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, పెట్టె మీద రెండు దుప్పట్లు కప్పాను, కారులో ఇన్వర్టర్ పెట్టి వైరు లాగుదామా అని కూడా చూశాను. నీళ్ళ సీసాల పుణ్యమా అని మధ్యాహ్నానికి లోపల 79. అంతే. 70ల్లో ఒకటి రెండు రోజులు ఉంటే ఈ గుడ్లకి ఏం కాదు, పిల్లలు రావడం కాస్త ఆలస్యమవుతుంది, అడవిలో రాత్రిళ్ళు చల్లబడుతూనే ఉంటాయి కదా. అసలు సంగతి నేను ఎదురుగా పెట్టుకుని చూడనిది, ఏసీ లేని టెక్సస్ ఇల్లు మే నెలలో ఎటు పోతుందో. సాయంత్రానికి హాల్లో 84, మేడ మీద ఇంకా ఎక్కువ. చల్లారకుండా కప్పిన దుప్పట్లు తీసేసి, గుడ్ల బాక్సుని పెట్టెలోంచి తీసి, కింద మా బెడ్‌రూమ్ క్లోజెట్‌లో నేల మీద పెట్టాను, ఇంట్లో అదే చల్లటి చోటు. "మన ఊళ్ళో అయితే ఈ పెట్టె ఎందుకురా, అటక మీద పెడితే చాలు" అంది అమ్మ. ఆ ఒక్క రోజుకి ఆమె మాట నిజమే, కానీ మే నెలలో రెంటచింతల ఎండకి అటక మీద పెడితే రెండో రోజుకే అట్టు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి కరెంటు వచ్చింది. బాక్సు తెచ్చి పెట్టెలో పెట్టి, మూత వేసి, అందరం ఏసీ కింద పడి నిద్రపోయాం. ఇక్కడ జరిగింది పూర్తిగా నా పని. బాక్సు తీసినప్పుడు థర్మోస్టాట్ ప్రోబ్‌ని బయటికి లాగాను, తిరిగి లోపల పెట్టలేదు. అది క్లోజెట్‌లో వేలాడుతూ ఏసీ గాలిని కొలుస్తోంది. థర్మోస్టాట్‌కి 74 కనిపిస్తోంది, పాపం అది తన పని తాను చేస్తూ కేబుల్‌ని ఆపకుండా నడిపింది. మరి ఫోన్‌కి అలారం రాలేదా? వస్తుంది, కానీ కరెంటు లేని రోజంతా ఆ సెన్సార్ ఐదు నిమిషాలకోసారి కూస్తుంటే విసుగొచ్చి నోటిఫికేషన్లు ఆపేశాను. ఉదయం 5:40కి లేచి గ్రాఫ్ చూశాను. 90 దాటింది రాత్రి 1:20కి. చూసే సమయానికి 94.

గ్రాఫ్ చూడగానే క్లోజెట్‌కి ఎలా పరిగెత్తానో గుర్తు లేదు. ప్లగ్ పీకాను, పెట్టె మూత రెండంగుళాలు తెరిచి చెంచా అడ్డం పెట్టాను, గుడ్ల బాక్సుని బయటికి తీసి ఏసీలో పెట్టాలనిపించినా ఆగాను, రెండు గంటల్లో మెల్లగా 82కి దిగనిచ్చాను. బాక్సు లోపల మూతకి చెమట బొట్లు పట్టి ఉన్నాయి, వాటిని టిష్యూతో తుడిచాను, గుడ్ల మీద పడనివ్వలేదు. గుడ్లు బయటికి ఏ తేడా లేకుండా ఉన్నాయి.

నాలుగు గంటల ఇరవై నిమిషాలు 90 పైన. 90 దాటితే పిల్లలకి వెన్ను వంకరలు వస్తాయని, ఇంకా ఎక్కితే చస్తాయని పాములు పెంచేవాళ్ళందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ వారమే ఇంకో థర్మోస్టాట్ కొని మొదటిదానికి ముందు కలిపాను. కరెంటు గోడ నుంచి ముందు రెండోదానికి వస్తుంది, దాన్ని 86కి పెట్టాను, దాని గుండా మొదటిదానికి పోతుంది. మొదటిది పిచ్చిగా నడిచినా 86 దగ్గర రెండోది మొత్తం ఆపేస్తుంది. రెండు ప్రోబ్‌లనీ ప్లాస్టిక్ టైలతో జాలీకి కట్టేశాను, ఇప్పుడు కత్తెర లేకుండా బయటికి రావు. ఈ రెండో థర్మోస్టాట్‌కి అయిన ఖర్చు ఒక కుటుంబం హోటల్లో భోజనం చేసినంత కూడా లేదు. మీరు పెట్టె కట్టుకుంటే మొదటిరోజే పెట్టుకోండి.

జూన్‌లో చెప్పడానికేం లేదు, ఉండకూడదు కూడా. గుడ్లు ఉబ్బాయి, మూత తీసి తూచి మూసేయడమే. జూలై మొదటి వారంలో, యాభయ్యో రోజు దాటాక, గుడ్ల మీద సొట్టలు మొదలయ్యాయి. మొదటి నెలలో సొట్ట పడితే ఎండిపోతున్నాయని అర్థం, చివరి పది రోజుల్లో పడితే పిల్ల తయారైందని అర్థం. చాలామంది ఈ రెండో సొట్టని చూసి భయపడి నీళ్ళు పోస్తారు. 2021లో బతికిన ఆ నాలుగింటి మీదా నేను అదే చేశాను, అయినా అవి బతికాయంటే వాటి అదృష్టం.

జూలై 11, యాభై ఎనిమిదో రోజు పొద్దున ఒక గుడ్డు మీద బ్లేడుతో గీసినట్టు మూడు గీతలు. పిల్ల మూతి చివర చిన్న పన్ను ఉంటుంది, దాంతోనే కోస్తుంది, కొన్ని రోజులకి అది రాలిపోతుంది. గీతలోంచి చిక్కటి జిగురు కారింది, చిన్న బుడగ లేచి పగిలింది, తర్వాత అగ్గిపుల్ల తలంత ముక్కు. పిల్ల ముక్కు బయట పెట్టి అలాగే ఉండిపోయింది. మేం కదిలితే లోపలికి లాక్కుంటుంది, ఐదు నిమిషాలకి మళ్ళీ పెడుతుంది, నాలుక ఒకసారి ఆడిస్తుంది. ఇలా ఒకటిన్నర రోజు. ఆ సమయంలో అది మిగిలిన సొనని కడుపులోకి లాక్కుంటుంది. బయటికి లాగితే సొన సంచి చిరిగి చస్తుంది. మా అమ్మాయి ముందే కుర్చీ వేసుకుని కూర్చుంది, అమ్మ కూడా కూర్చుంది, నేను ఆఫీసు మీటింగ్ మ్యూట్‌లో పెట్టి నిలబడ్డాను. జూలై 14 రాత్రికి పదమూడు వచ్చాయి: మామూలు రంగు 4, ఎనెరీ 4, అమెల్ 3, స్నో 2. బరువులు 5.6 నుంచి 7.9 గ్రాముల దాకా.

పద్నాలుగో గుడ్డు తెరుచుకోలేదు. కొందరు మొదటి పిల్ల మూతి పెట్టగానే మిగతా గుడ్లన్నిటినీ తామే కోసేస్తారు, నాకది ఇష్టం ఉండదు, కోయలేని పిల్లని బతికించి మనం సాధించేదేంటో నాకు తెలియదు. జూలై 15న గోళ్ళ కత్తెరతో పైన చిన్న కిటికీ కత్తిరించాను. అమెల్ పిల్ల, రంగు, గళ్ళు అన్నీ వచ్చేశాయి, వెన్ను మూడు చోట్ల గట్టిగా మెలిక తిరిగింది, చనిపోయి ఉంది. బయటికి వచ్చినవాటిలో ఒక ఎనెరీకి, ఒక స్నోకి తోక దగ్గర వంకర. 2022లో 13 పిల్లల్లో ఒక్కదానికీ వంకర లేదు, ఇవే తల్లిదండ్రులు, అదే వర్మిక్యులైట్. తేడా ఆ రాత్రి ఒక్కటే. నా లెక్కలో ఈ మూడూ నా ఖాతాలోవే.

పిల్లల్ని ఒక్కోదాన్నీ ఒక్కో డబ్బాలో, టిష్యూ పేపరు, నీళ్ళ మూత, దాక్కోవడానికి అట్ట ముక్క వేసి పెట్టాను. కలిపి పెట్టొద్దు, ఒక్కోసారి ఒకదాన్నొకటి మింగుతాయి. "పాము తన పిల్లల్ని తనే తింటుందంటారు, ఇవి అన్నదమ్ముల్నీ వదలవా" అని అమ్మ ముక్కున వేలేసుకుంది. డబ్బా మూత బిగుతుగా లేకపోతే పెన్సిల్ పట్టని సందులోంచి కూడా పోతాయి. ఎనిమిది తొమ్మిది రోజులకి మొదటి కుబుసం వదిలాక, అప్పుడు మాత్రమే తిండి. రోజు వయసు ఎలకపిల్ల, ఫ్రీజర్‌లోది, వేడినీళ్ళలో కరిగించి తుడిచి పెట్టాలి. తొమ్మిది మొదటిసారే తిన్నాయి. రెండు ఐదు రోజుల తర్వాత రెండోసారికి తిన్నాయి. ఇంకొకటి ఎలకపిల్లతో కలిపి చిన్న గిన్నెలో రాత్రంతా మూసిపెడితే తింది.

మిగిలింది వంకర తోక ఎనెరీ. ఆరుసార్లు పెట్టాను, చూడలేదు. చిన్నప్పుడు ఈ పాములు అడవిలో బల్లుల్ని ఎక్కువగా తింటాయి, కొన్ని పిల్లలకి ఆ వాసన వస్తేనే నోరు తెరుచుకుంటుంది. మా గరాజ్ గోడ మీద అచ్చం మన ఇంటి బల్లుల్లాంటివే తిరుగుతుంటాయి. చచ్చి దొరికిన ఒకదాన్ని క్రిములు పోవడానికి నెల రోజులు ఫ్రీజర్‌లో ఉంచాను, తర్వాత కరిగించి ఎలకపిల్ల మూతికి రుద్ది పెట్టాను. అప్పటికి ఆగస్టు చివరికి వచ్చింది, పిల్ల తాడులా సన్నబడింది. డబ్బా మీద తువ్వాలు కప్పి బయటికొచ్చి, నలభై నిమిషాలకి తీసి చూస్తే గొంతు దగ్గర ఉబ్బు ఉంది.

పదకొండింటికి మంచి ఇళ్ళు దొరికాయి. నిజం చెప్పాలంటే పొదిగించడం కన్నా అదే కష్టం, మామూలు రంగు పిల్ల ఊరికే ఇస్తానన్నా పెట్టుకునేవాళ్ళు కావాలి కదా. చోటు లేనివాళ్ళు మొదటి రోజుల్లోనే సగం గుడ్లని ఫ్రీజర్‌లో పెట్టేయడం మంచిదని నా అభిప్రాయం, వినడానికి కష్టంగా ఉన్నా. వంకర తోక స్నో ఒక పాత స్నేహితుడి దగ్గరికి, విషయం చెప్పే, వెళ్ళింది. ఎనెరీ మా దగ్గరే ఉంది. దానికి వంకీ అని పేరు పెట్టింది అమ్మ, వంకర తోక అనొద్దు, చేతికి పెట్టుకునే వంకీలా ఉంది చూడు అంది. సెప్టెంబరులో వెళ్ళేముందు గెస్ట్ రూమ్ క్లోజెట్ తనే తుడిచింది. గోరింటకి 2025లో విశ్రాంతి ఇచ్చాను. వంకీ మొన్న శనివారం 146 గ్రాములు తూగింది, ఎలకకి బల్లి వాసన ఇప్పుడు అక్కర్లేదు.